వాకర్ ఎవరి పేరు?

"నేనే వాకర్‌ను," అన్నాడు నర్సింగం.

గోవర్ధన్ ఇంకా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చోబోతున్నవాడు అలాగే ఆగిపోయాడు. ఎదురుగా నేల మీద, గోడకు ఆనుకుని ఉన్న ఆ మనిషి ఎల్లారెడ్డిపేట బడిలో ఇంగ్లీషు పంతులు. పై పెదవి చిట్లి ఎండిపోయింది. చొక్కాకు ఒక్క గుండీ కూడా మిగల్లేదు. అయినా చేతులు ఒళ్లో పెట్టుకుని, పాఠం చెప్పడానికి వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

జగిత్యాల బయట మూతపడ్డ బియ్యం మిల్లులో పోలీసు ప్రత్యేక బలగం క్యాంపు పెట్టి ఆరు నెలలైంది. ఆ మిల్లు ముందు నుంచి పోయే బస్సులో మాటలు వాటంతటవే ఆగిపోయేవి. లోపలికి వచ్చి మాట్లాడమని గోవర్ధన్‌కు ఇచ్చింది పది నిమిషాలు. గడియారం ఒంటిగంట ఇరవై చూపిస్తోంది.

"గురువారం నాలుగు గంటలకు ఎక్కడున్నరు సార్?"

"కోరుట్లల."

"బడి రిజిస్టరుల నాలుగుంబావుకు మీ సంతకముంది. మీ హెడ్మాస్టరు నాకు చూపిచ్చిండు. ఆడికెల్లి కోరుట్లకు బస్సుల మూడు గంటలు. మొగిలయ్య పీనుగను ఐదూ నలభైకే చూసిండ్రు. ఎగిరి పోయినరా?"

"రిజిస్టరు తప్పు."

"మొగిలయ్యను దేనితోని చంపిండ్రు?"

నర్సింగం చూపు ఒక్కసారి గోడ మీదికి పోయి వచ్చింది. "తుపాకితోని."

సిరిసిల్లలో పన్నెండు మరమగ్గాలు నడిపే మొగిలయ్యను ఎవరూ తుపాకితో కాల్చలేదు. కోరుట్ల బయట అతని పాత అద్దకం షెడ్డులో, దారపు కట్టలాంటి నూలు చిలపను మెడకు చుట్టి బిగించి చంపారు.

చేయని తప్పు ఒప్పుకునేవాళ్లను గోవర్ధన్ ఇంతకుముందు చూశాడు. దెబ్బలకు తాళలేక ఒప్పుకునేవాళ్లు తల దించుకుని ఒప్పుకుంటారు. ఈయన కళ్లలోకి చూసి ఒప్పుకుంటున్నాడు. దెబ్బల కంటే పెద్ద భయమేదో ఈయన వెనక నిలబడి ఉంది.

"మీ ఇంటామె గేటు కాడ ఉంది సార్. పొద్దటి సంది నీళ్లు గూడ ముట్టలే. ఆమె కోసమన్న నిజం చెప్పుండ్రి."

మొదటిసారి ఆ మనిషి కదిలాడు. రెండు చేతులూ జోడించాడు. "ఆమెను ఇంటికి తోలియ్యి సార్. నీ కాళ్లు మొక్కుత. ఈడ ఉంచకు."

తలుపు తెరుచుకుంది.

"ఉత్తరం ముట్టిందా, పోస్ట్‌మాన్ సాబ్?"

ఇన్‌స్పెక్టర్ బాలరాజు ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. గోవర్ధన్ ప్రైవేటు డిటెక్టివ్ కాకముందు హైదరాబాదులో పదకొండేళ్లు తపాలా ఉద్యోగం చేశాడు. చిరునామా సరిగా లేని ఉత్తరాలన్నీ అతని బల్ల మీదికే వచ్చేవి. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి బాలరాజు అతణ్ని ఇంకో పేరుతో పిలవలేదు.

బయటి గదిలో బల్ల మీద మొగిలయ్య జేబులో దొరికిన చిన్న డైరీ ఉంది. గురువారం పేజీలో తెలుగులో ఒక్కటే వరుస. 'వాకర్. 4 గం. కోరుట్ల షెడ్డు.'

"చూసినవా?" అన్నాడు బాలరాజు. "వాక్ అంటే నడుసుడు. వాకర్ అంటే నడిసేటోడు. ఒక దళం చీటి ఇంకో దళానికి నడిసి మోసేటోడు. గీ పంతులు బస్సుండంగ బడికి నడిసి పోతడు. ఇంగ్లీషు చెప్తడు. ఇంకేం గావాలె?"

"వాకర్ అంటే పని కాదు సార్. ఇంగ్లీషోళ్ల ఇంటిపేరు."

"అయితే?"

"ఇంటిపేరును చూసి మనిషి పని చెప్తరా? మీ ఇంటిపేరు గుర్రాల. మీ కొట్టంల ఎన్ని గుర్రాలున్నయి?"

తలుపు దగ్గరి కానిస్టేబుల్‌కు నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చబోయి, బాలరాజు చూపు తగిలి ఆ దగ్గు కూడా మింగేశాడు.

"ఇంటిపేరైతే దాని ఎనక మనిషి పేరుండాలె," అన్నాడు బాలరాజు అంతే నెమ్మదిగా. "గుర్రాల బాలరాజు. ముందు ఇల్లు, ఎనక మనిషి. గీడ ఎనక ఏముంది? ఏం లేదు."

"వాళ్లకు తిర్లామర్ల సార్. ముందు మనిషి, ఎనక ఇల్లు. మనోళ్లు గది తెల్వక, ఎనకున్నదే పేరనుకుంటరు. కవర్ల మీద నేను వేలసార్లు చూసిన. మొగిలయ్య ఎవల్నో నిజంగనే వాకర్ అని పిలుస్తుండె. గా మనిషిని దొరకబట్టేదాక ఆగుండ్రి."

"నోటితోని ఒప్పుకున్నోడు లోపల కూసున్నడు. నువ్వు నాకు కాయితం మీది రాతలు చెప్తున్నవు." బాలరాజు గడియారం చూసుకున్నాడు. "సరే. ఆరు గంటల దాక. ఆరింటికి పంతులును డంపు చూపియ్యనీకి అడివికి తీస్కపోతున్నం."

దళం దాచిన ఆయుధాల డంపు చూపించడానికని తీసుకుపోయినవాళ్ల పేర్లు మర్నాడు పేపర్లో వచ్చేవి. వాళ్లు మాత్రం వచ్చేవాళ్లు కాదు.

గేటు దగ్గర ఇంద్రమ్మ స్కూటర్‌ను ఆనుకుని నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి. సిరిసిల్లలో మగ్గాలకు దారం కండెలు చుట్టే పని చేస్తుంది. భర్తను విడిపించమని మొన్న జగిత్యాలకు వచ్చి గోవర్ధన్ గది తలుపు కొట్టింది ఆమే. నర్సింగం ఏమన్నాడో చెబితే ఆమె ఏడవలేదు. కొంగు చివర నోట్లో కుక్కుకుని రోడ్డు వంక చూసింది.

"నువ్వు సిరిసిల్ల బస్సెక్కు చెల్లె. నేను కోరుట్ల పోయొస్త."

"నేనూ వస్త అన్నా. ఇంట్ల కూసోలేను. కోరుట్ల నాకు తెల్వదు, మా తల్లిగారిది మల్యాల. అయినా వస్త."

రెండూ యాభైకి షెడ్డు దగ్గర ఆగారు. ఊరికి కొంచెం దూరం. చుట్టూ పసుపు చేలు. పోలీసులు తీసుకోవాల్సినవి తీసుకుని తలుపుకు తాడు కట్టి వెళ్లిపోయారు. ఇంద్రమ్మ స్కూటర్ దిగి, తుమ్మచెట్టు కింద నిలబడిపోయింది. "లోపలికి నేను రాను," అంది. పీనుగ పడ్డ చోటు కదా అనుకున్నాడు గోవర్ధన్.

లోపల నీలిమందు వాసన. పెనుగులాటలో తొట్టి ఒకటి తిరగబడి, మట్టినేల అంతా నీలం బురదై, ఈ మూడు రోజుల్లో గట్టిగా ఎండిపోయింది. ఎండినందుకే అందులో అడుగులన్నీ నిలిచి ఉన్నాయి. పోలీసులవి తలుపు పక్కన పొడిమట్టిలో వేరుగా తెలుస్తున్నాయి. మొగిలయ్య అడుగులు పోగా బురదలో దిగినవి రెండే జతలు. గోవర్ధన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఒక జత బూట్లు. అవి పెనుగులాటలో నేలంతా తిరిగి, పీనుగ పడ్డ చోటు నుంచి వెనక తలుపు దాకా పోయాయి. ఆ రోజుల్లో బూట్లు పోలీసులూ వేసుకునేవారు, దళంలోవాళ్లూ వేసుకునేవారు. అవి ఎవరివో ఆ నేల చెప్పదు.

రెండో జత వట్టి కాళ్లు. చిన్నవి. రెండో వేలి దగ్గర గుండ్రంగా చిన్న నొక్కు. మట్టెల గుర్తు. ముందు తలుపు నుంచి నాలుగడుగులు లోపలికి వచ్చాయి. అక్కడ ఆగాయి. తిరిగాయి. బయటికి పోయిన అడుగుల్లో మడమ ఆనలేదు, వేళ్లు మాత్రం లోతుగా దిగాయి. పరుగు. ఒక్క చోట ఆ వట్టి కాలు బూటు గుర్తు మీద పడి ఉంది. అంటే బూట్ల మనిషి పని ముగించాకే ఈమె వచ్చింది. బురద ఇంకా తడిగా ఉండగానే వచ్చింది. పీనుగకు ఆరడుగుల దూరంలో ఆగి, చూసి, పారిపోయింది.

చంపినవాణ్ని చూసి ఉండగల మనిషి ఒకతె ఉంది. ఆమె చూసిందని వాడికి తెలిస్తే?

గడప బయట దుమ్ములో చెప్పులు విడిచిన గుర్తు కూడా కనిపించింది. దొంగచాటుగా ఒంటరిగా వచ్చిన మనిషి, గడప దగ్గర ఆగి చెప్పులెందుకు విడిచింది? అతడికి జవాబు వెంటనే తట్టింది. నూలున్న చోటికి చెప్పులతో పోకూడదని చిన్నప్పుడే కాళ్లకు అలవాటైనవాళ్లు అంతే. ఆలోచించే పని ఉండదు. వచ్చింది నేత ఇంటి ఆడబిడ్డ.

బయటికి వచ్చి ఇంద్రమ్మతో చెప్పాడు. "వాకర్ ఆడమనిషి చెల్లె. మీ వాళ్లల్ల మనిషే. ఆమె దొరికితే మీ ఆయన ఇంటికొస్తడు."

ఇంద్రమ్మ స్కూటర్ వైపు నడిచింది. "టైం అయిపోతుంది అన్నా. క్యాంపుకు పోయి ఆ సార్ కాళ్ల మీద పడుదాం. ఎవరో ఆడమనిషిని ఎక్కడ ఎతుకుతవు?"

"నేత ఇంటి ఆడబిడ్డకు ఇంగ్లీషు పేరు ఎట్లొచ్చిందో తెలిస్తె చాలు." అతడు స్కూటర్‌ను కిక్ కొట్టబోయి ఆగాడు. తపాలా బల్ల మీద ఒక కవరు గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ల కిందటిది. 'వాకర్ రూతమ్మ గారికి, మిషన్ దవాఖాన, కోరుట్ల.' అప్పటికే దవాఖాన మూసేశారు, ఆ ఇంగ్లీషు డాక్టరమ్మ వాళ్ల దేశం పోయింది. ఉత్తరం రాసినవాళ్లు ఆమె ఇంటిపేరును ముందు పెట్టి, తెలుగు పేరులా తిప్పి రాశారు. అలా తిప్పడం తెలియక, వాకర్ అన్నదే ఆమె పేరనుకున్నవాళ్లు ఎందరుండి ఉంటారు?

కోరుట్ల బస్టాండు దగ్గర చాయ్ కొట్టు మనిషిని అడిగితే, ఆ దవాఖానలో ఆయాగా పనిచేసిన మనిషి రాజవ్వ ఒక్కతే బతికి ఉందని, పద్మశాలీల వాడకట్టులో చివరి ఇల్లని చెప్పాడు. మూడూ నలభై అయింది. ఇంద్రమ్మ కొంగు ముక్కు దాకా లాక్కుని ఆ ఇంటి గడప బయటే కూర్చుంది.

రాజవ్వకు రెండు కళ్లకూ పొర కమ్మింది. గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"వాకర్ దొరసానా? ఎందుకు తెల్వది కొడుకా! నా చెయ్యి వట్టుకొని సూది గుచ్చుడు నేర్పింది గామెనే. నేను గుచ్చిన మొదటి సూదికి మా మొగడు వారం రోజులు కుంటిండు."

"ఆమె పేరు ఎవలకన్న పెట్టుకున్నరా అవ్వా?"

"ఒక్కతికే." ముసలామె నవ్వింది. "అద్దకపోళ్ల ఇంట్ల. తల్లి నిండు చూలాలు, తొట్టిల నూలు తొక్కుతుంటెనే నొప్పులొచ్చినయి. దొరసాని ఉరికొచ్చి, గా తొట్టి పక్కకే కాన్పు జేసింది. తొక్కుడు సంగతి అడిగి తెల్సుకొని నవ్వింది. 'మా దేశంల శానా ఏండ్ల కింద, నేసిన బట్టను నీళ్లల్ల ఏసి కాళ్లతోని తొక్కేటోళ్లను వాకర్లు అందురు. గా పనే మా ఇంటిపేరయ్యింది. నువ్వు జేసేది నా పేరే. మనిద్దరిదీ ఒక్క ఇల్లు' అన్నది. ఇంటిపేరు అని ఆమె చెప్పింది. చెప్తే ఎవలకెక్కింది? ఎనకున్నదే పేరనుకొని పిల్లకు వాకరమ్మ అని పెట్టిరి."

"మొగిలయ్య ఆమెకు ఎరుకేనా?"

"గీ వాడకట్టోడే గద పాపం! చిన్నప్పుడు 'వాకర్, వాకర్' అని పిల్ల ఎంటబడి ఏడిపిస్తుండె. పిల్లకు పదేండ్లున్నప్పుడు తమ్ముణ్ణి గని తల్లి సచ్చింది. మేనత్త వచ్చి ఇద్దర్ని తీస్కపోయింది. మల్యాలకు."

మల్యాల అన్న మాట గోవర్ధన్ చెవిలో పడింది గానీ, అది అతని మనసులోకి దిగడానికి ఒక క్షణం పట్టింది.

"లగ్గమైనంక అత్తకు నోరు తిరగలేదట," అంటోంది రాజవ్వ. "వాకరమ్మను పక్కకు వెట్టి ఇంద్రమ్మ అని మార్చిండ్రు. మొగడు పంతులట. మంచోడట."

గోవర్ధన్ మెల్లగా వెనక్కి తిరిగాడు. ఇంద్రమ్మ గడప మీద నిలబడి ఉంది. కొంగు జారి భుజం మీద పడింది. చెప్పులు గడప బయట ఉన్నాయి.

"రిజిస్టరు ఒక్కటి చాలనుకున్న అన్నా," అంది. "నా పేరు దాక వస్తవనుకోలే."

"షెడ్డుకు పోయింది నువ్వేనా?"

"నా తమ్ముడు లింగన్న అడివికి పోయి నాలుగేండ్లయ్యింది. మొగిలన్న పేరు దళం లిస్టుల ఉన్నదని ఆయనకు ఎవరో చెప్పిండ్రు. నా ద్వారా తమ్మునికి మాట చేరవేసి బతికి బయటపడుదామని పిలిచిండు. నేను పోయేవరకు కింద పడి ఉన్నడు. ఒక మనిషి ఎనక తలుపులకెల్లి పోతున్నడు. మొకం చూడలే. బూట్లు చూసిన. రాత్రి మా ఆయనకు చెప్పిన. తెల్లారి పోలీసులు నేతోళ్ల ఇండ్లన్ని తిరుగుకుంట మా ఇంటికొచ్చి వాకర్ ఎవడని అడిగిండ్రు. నేను నోరు తెరిచేలోపల ఆయన ముందుకు పోయిండు."

"ఇంద్రమ్మా..." రాజవ్వ గోడ తడుముకుంటూ లేచింది. "నువ్వేనా బిడ్డా? ఇంత సేపు బయట కూసున్నది నువ్వేనా?"

అప్పుడు వాడకట్టులో ఒక తలుపు మూసుకుంది. వెంటనే ఇంకొకటి. తర్వాత వరుసగా, దూరం నుంచి దగ్గరికి, ఒక్కొక్క ఇంటి గడియ పడుతూ వచ్చింది. మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. జీపు చప్పుడు ఆ తర్వాత వినిపించింది.

"ఎనక దారుందా అవ్వా?"

"లేదు కొడుకా."

గోవర్ధన్ ఇంద్రమ్మ చెయ్యి పట్టి లోపలి గదిలోకి నెట్టి, గడపకు అడ్డంగా నిలబడ్డాడు. బాలరాజు ఇద్దరు మనుషులతో దిగాడు. తొందరేమీ లేదు అతనికి.

"నీ స్కూటర్ సైలెన్సర్ బాగు జేయించుకో పోస్ట్‌మాన్ సాబ్. మైలు దూరం ఇనవడుతది. ఎనక వచ్చుడు మస్తు అల్కగైంది. వాకర్ డాక్టరమ్మ సంగతి, గీ ఇల్లు చాయ్ కొట్టోడు చెప్పిండు." లోపలికి తొంగి చూశాడు. "అవ్వా, వాకర్ అని ఎవలకు పేరు పెట్టిండ్రు?"

రాజవ్వ తిరిగి గోడకు ఆనుకుని కూలబడింది.

"ఆ డాక్టరమ్మ ఎన్నడో పోయింది సార్," అన్నాడు గోవర్ధన్. "ఈమెకు ఏం యాదికి లేదు."

"అవ్వా, నిన్నే. ముసల్దానివని ఆగుతున్న. ఎంతసేపు ఆగాలె?"

"ఆమెను అడుగకుండ్రి." ఇంద్రమ్మ లోపలి గది లోంచి బయటికి వచ్చింది. గోవర్ధన్‌ను దాటుకుని పోయి బాలరాజు ఎదురుగా నిలబడింది. "నేనే వాకర్‌ను. నేను పుట్టినప్పుడు పెట్టిన పేరు. మా ఆయనకు ఏ సంబంధం లేదు. ఇడిసిపెట్టుండ్రి."

"ఈమె సాక్షి సార్!" గోవర్ధన్ ఇద్దరి మధ్యకి వచ్చాడు. "షెడ్డుల అడుగులు చూడుండ్రి. బూటు గుర్తు మీద ఈమె కాలు పడ్డది. చంపినోడు పోయినంకనే ఈమె వచ్చింది. పంతులు అసలు కోరుట్లకే రాలే. రిజిస్టరు ఉన్నది. ఇద్దర్లెవ్వరూ..."

"ఆగు." బాలరాజు చెయ్యెత్తాడు. మొదటిసారి అతని మొహంలో సంతోషంలాంటిది కనిపించింది. "ఇంగ్లీషోళ్ల ఇంటిపేరు సంగతి ఇందాక నాకు బాగ చెప్పినవు. ఇంకోటి చెప్పుడు మర్సిపోయినవు. వాళ్లల్ల మొగనికి, పెండ్లానికి ఒక్కటే ఇంటిపేరుంటది గద? ఆయన వాకర్‌ను అన్నడు. ఈమె వాకర్‌ను అంటున్నది. ఇద్దరూ నిజమే చెప్తున్నరు." వెనక్కి తిరిగి కానిస్టేబుల్‌తో అన్నాడు. "ఎక్కియ్యి."

వాళ్లు ఇంద్రమ్మను రెండు రెక్కలూ పట్టి జీపు వెనకకు తీసుకుపోయారు. ఒకడు టార్పాలిన్ పైకెత్తాడు. లోపల ఒక మనిషి ఉన్నాడు. మొహం మీద తువ్వాల కట్టి ఉంది. చొక్కాకు గుండీలు లేవు.

"ఎందుకు చెప్పినవు?" అన్నాడు తువ్వాల లోపలి నుంచి నర్సింగం. "నేను చెప్పిన గద... నేను చెప్పిన గద, ఎందుకు చెప్పినవు?"

ఇంద్రమ్మ అతని పక్కన కూర్చుని, కట్టేసిన అతని చేతుల మీద తన చెయ్యి వేసింది.

గోవర్ధన్ జీపు రాడ్డు పట్టుకున్నాడు. "ఆరు గంటల దాక అన్నరు సార్! ఆరు గంటల దాక!" ఎవరో తుపాకి మడమతో అతని వేళ్ల మీద కొట్టారు. చెయ్యి జారి దుమ్ములో పడ్డాడు. లేచి గడియారం చూసుకుంటే నాలుగూ ఇరవై ఐదు.

జీపు వాడకట్టు చివరి దాకా పోయింది. జగిత్యాలకు పోవాలంటే అక్కడ ఎడమకు తిరగాలి, అడివికైతే కుడికి. అది కుడికి తిరిగింది.